రూపాయి నిలిపిన ఖాతా

నలభై మూడేళ్ల వయసులో నేను పరీక్ష తప్పాను. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒక్క సబ్జెక్టు కూడా మిగుల్చుకోని దాన్ని. లెక్కల్లో నాకు ఎదురు నిలిచేవాళ్లు మా బజారులో లేరని కొంచెం పొగరు కూడా ఉండేది. తప్పింది ఆ లెక్కల్లోనే, అదీ రోజూ నా వేళ్లు చేసే పనిలోనే.

మాది ఆళ్లగడ్డ. అక్కడ ఎరువులు, పురుగుమందులు, విత్తనాలు అమ్మే ఒక అంగట్లో పంతొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. మొదట్లో పొడుగాటి పుస్తకాల్లో, తర్వాత కంప్యూటర్లో. కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టారే గానీ, అందులోని లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్పడానికి ఎవరూ రాలేదు. నేనే ఒక్కో మీటా నొక్కి చూసి, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నాను. ఎఫ్ ఐదు నొక్కితే మనం ఇచ్చిన డబ్బు, ఎఫ్ ఆరు నొక్కితే మనకు వచ్చిన డబ్బు. ఆరు నెలలు తిరిగేసరికి రైతు తన ఊరి పేరు చెప్పడం పూర్తయ్యేలోపే అతని ఖాతా తెరిచేసేదాన్ని.

ఆ అంగడి పెద్దాయనకు ఒక ఆచారం ఉండేది. రైతు పంట అమ్ముకుని వచ్చి బాకీ మొత్తం కట్టేస్తే, పెద్దాయన ఆ డబ్బు లెక్క చూసుకుని, బల్ల మీద ఉన్న బిస్కెట్ల రేకు డబ్బాలోంచి ఒక రూపాయి బిళ్ల తీసి రైతు అరచేతిలో పెట్టేవాడు. "ఈ రూపాయి నీ మీద బాకీ ఉంచుతాండా అప్పా. మళ్ల పైరుకు వచ్చేటప్పుడు తీస్కరా," అనేవాడు. నేను ఒక రూపాయి తక్కువ జమ రాసేదాన్ని. ఖాతాలో రూపాయి నిలిచేది. పూర్తిగా తీరిపోయిన ఖాతా అంటే తెగిపోయిన సంబంధమని ఆయన నమ్మకం. రైతు చనిపోయి, కొడుకులు వచ్చి బాకీ కట్టిన రోజున మాత్రమే సున్నా చేయనిచ్చేవాడు. ఆ రోజు నా చేతిలోంచి కలం తీసుకుని, పేజీ కింద రెండు గీతలు తనే గీసేవాడు.

చేరిన కొత్తలో ఈ తంతు చూసి నాకు నవ్వొచ్చేది. ఒక ఏడాది చివర పుస్తకాలు సర్దుతూ, "అన్నా, ఈ రూపాయిలన్నీ కొట్టేస్తే పుస్తకం శుభ్రంగా ఉంటాది," అన్నాను.

"కొట్టేయ్. రేపు ఆ రైతు పక్కంగడికి పోతే నీ జీతంలో పట్టుకుంటా," అన్నాడు ఆయన, తల కూడా ఎత్తకుండా.

మరి రైతులు నిజంగానే ఆ రూపాయి తెచ్చేవాళ్లు. రుద్రవరం వైపు నుంచి వచ్చే ఒక ముసలాయన దాన్ని కండువా కొనకు ముడేసుకుని తెచ్చి, ముడి విప్పడానికి రెండు నిమిషాలు తంటాలు పడి, "నీ రూపాయి తీస్కోమ్మా, ఇంగ యూరియా రాయి," అనేవాడు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నా ఆయన తొందరపడేవాడు కాదు.

పెద్దాయన నా జీతం దగ్గరా ఇదే చేసేవాడు. ఏడాది చివర నాకు రావలసినదంతా లెక్క కట్టి, ఒక రూపాయి తన దగ్గరే ఆపుకునేవాడు. ఇంటికి రాగానే మా ఆయన అడిగే మొదటి మాట అదే: "రూపాయి నిలిపినాడా?" నిలిపినాడు అంటే, "అయితే ఇంకో యేడు గంజికి దిగుల్లేదు," అని నవ్వేవాడు.

మా ఆయనది రాతిపని. మా ఊళ్లో విగ్రహాలు చెక్కే కొట్టాల్లో పాతికేళ్లు పనిచేసి ఊపిరితిత్తుల నిండా రాతి పొడి నింపుకున్నాడు. కోసే మిషన్లు వచ్చాక పొడి ఇంకా ఎక్కువైంది. ఇప్పటికి మూడేళ్లు, ఉలి ముట్టుకోలేదు. నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలి. మాకు పిల్లలు లేరు. మందులు, బియ్యం, ఇంటి బాడుగ అన్నీ నా జీతంలోంచే.

పెద్దాయన రెండేళ్ల కిందట పోయాడు. అంగడి కొడుకు చేతికి వచ్చింది. ఆ కొడుకు చెడ్డవాడైతే నాకు ఎంతో సులువుగా ఉండేది, నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని. అతను మంచివాడే. నన్ను అక్కా అనే పిలిచేవాడు, గొంతు పెంచి ఒక్క మాట అనలేదు. ఒకరోజు మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేనప్పుడు నా ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అక్కా, కోపం చేసుకోకుండా ఇను. నంద్యాలోళ్ల కంపెనీలో మన అంగడి కలిపేస్తాండాం. వాళ్ల అంగళ్లలో లెక్కలు రాసేటోళ్లకు ఆ సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్ ఉండాల్నంట. పరీక్ష రాసి పాసు కావాల. రెండు నెల్లు టైమిచ్చినారు."

"పంతొమ్మిదేళ్లు రాసినదానికి సర్టిఫికెట్ ఏందప్పా? వచ్చి ఈడ కూర్చొని చూడమను."

"నాకు తెలుసక్కా. వాళ్లకు తెలీదు గదా."

కోపం చేసుకోవద్దన్నాడు గానీ, నాకు ఆ రోజంతా కోపం దిగలేదు. సాయంత్రం మా ఆయనతో చెబితే, దగ్గు ఆపుకుంటూ, "ఈ వయసులో పరీక్షనా? చీటీలు యాడ దాచుకుంటావ్?" అన్నాడు. తర్వాత మందుల సంచి తీసి మాత్రలు ఎన్ని ఉన్నాయో చూసుకున్నాడు. ఆ పరీక్ష పోతే ఏమవుతుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

వారానికి మూడు రోజులు తొలి బస్సు పట్టుకుని నంద్యాలలో కోచింగుకు వెళ్లేదాన్ని. క్లాసు కాగానే మళ్లీ బస్సెక్కి పదకొండుకల్లా అంగట్లో ఉండాలి. క్లాసులో అందరూ డిగ్రీ చదివే పిల్లలు. పాఠం చెప్పే అమ్మాయికి ఇరవై మూడు ఇరవై నాలుగు ఉంటాయి. మొదటి రోజు నన్ను చూసి, ఎవరినో చేర్పించడానికి వచ్చాననుకుని, "పాప ఏం చదువుతాంది ఆంటీ?" అని అడిగింది. "పాపను నేనే," అన్నాను. పిల్లలంతా నవ్వారు, నేనూ నవ్వాను. వారం తిరిగేసరికి నా పక్క కుర్చీ కోసం పోటీ మొదలైంది. వాళ్లు ఒక పద్దు రాసేలోపు నేను ఆరు రాసేదాన్ని.

నన్ను వేధించింది ఇంగ్లీషు. నేను రోజూ చేసే పనికే ఆ పుస్తకంలో వేరే పేర్లు ఉండేవి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వాటిని బట్టీ పట్టేదాన్ని. ఇక క్లాసులో ఇచ్చే లెక్కలన్నీ ఎక్కడో పెద్ద ఊళ్లలో సోఫాలు, ఫ్రిజ్జులు అమ్మేవాళ్లవి. ఫలానా పార్టీ మొత్తం బాకీ కట్టింది అని ఉంటే, మొత్తమే జమ రాసేదాన్ని. ఆ సోఫాలవాళ్లు మళ్లీ నా దగ్గరికి వస్తే ఎంత, రాకపోతే ఎంత.

పరీక్ష ఒక శనివారం పెట్టారు. ఆ పొద్దున మా ఆయన నాకంటే ముందు లేచి, గోడ పట్టుకుని నడిచి వంటింట్లోకి వచ్చి టీ కాచాడు. వద్దంటే వినలేదు. గ్లాసు అందిస్తూ, "బేగా తాగు, బస్సు పోతాది," అన్నాడు.

నంద్యాలలో మూడంతస్తుల పైన ఆ పరీక్ష కేంద్రం. చేతి గడియారం, సంచి, ఆఖరికి నీళ్ల సీసా కూడా బయటే పెట్టించారు. ప్రతి కంప్యూటర్ మీదా మన మొహం చూసే కెమెరా ఉంది. మొదటి సగం టిక్కులు పెట్టే ప్రశ్నలు. ఇంగ్లీషులో కొన్ని అర్థమయ్యాయి, కొన్ని దేవుడి మీద భారం వేశాను. నా పక్క అబ్బాయి టకటకా కొట్టుకుంటూ పోతుంటే వాడి మీద అకారణంగా కోపం వచ్చింది.

రెండో సగం తెరిచేసరికి నాకు ఏడుపొచ్చినంత పని అయింది. సంతోషంతో. అందులో ఇచ్చింది ఒక ఎరువుల అంగడి లెక్క. యూరియా, డీఏపీ, పత్తి విత్తనాల ప్యాకెట్లు, బాకీ తీసుకున్న రైతులు, లారీ కిరాయి, హమాలీ కూలి. ఆ అంగడిలో ఒక నెలలో జరిగినవన్నీ రాసి, చివర నాలుగు మొత్తాలు నాలుగు గడుల్లో నింపాలి. ఇక నాకు కెమెరా గుర్తులేదు, పరీక్ష గుర్తులేదు. ఆళ్లగడ్డలో నా కుర్చీలో కూర్చున్నట్టే రాసుకుపోయాను. మధ్యలో ఒక రైతు తన బాకీ పద్దెనిమిది వేల ఆరు వందల యాభై నగదుగా మొత్తం కట్టేశాడు. ఎఫ్ ఆరు నొక్కి, పద్దెనిమిది వేల ఆరు వందల నలభై తొమ్మిది కొట్టాను.

అలా కొట్టానని నాకు తెలియదు. వేళ్లకు తెలుసు.

అందరికంటే ముందు, ఇంకా ఇరవై నిమిషాలు ఉండగానే ముగించాను. అప్పులూ జమలూ పోల్చే పట్టీ, ట్రయల్ బ్యాలెన్స్, తీసి చూస్తే రెండు పక్కలా మొత్తం సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది, నగదులో ఎంత తగ్గిందో బాకీలో అంత మిగిలింది కదా. మొదటి గడిలో ఆ మొత్తం, రెండో గడిలో చేతిలో ఉన్న నగదు, మూడో గడిలో రైతులందరి బాకీ. నాలుగో గడిలో ఆ కట్టేసిన రైతు ఖాతాలో ఎంత నిలిచిందని అడిగారు. ఒకటి అని రాశాను. అప్పుడు కూడా నాకు ఏ అనుమానమూ రాలేదు. పంతొమ్మిదేళ్లుగా బాకీ మొత్తం తీరిన ఖాతా అంటే నా కంటికి ఒకటే.

ముగించినట్టు మీట నొక్కగానే ఫలితం తెర మీదికి వచ్చేసింది. అరవై రావాలి. నాకు యాభై నాలుగు వచ్చాయి. కింద ఎర్ర అక్షరాల్లో ఫెయిల్ అని ఉంది. కెమెరా ఇంకా నా మొహం చూస్తోందని అప్పుడు గుర్తొచ్చి తల దించుకున్నాను.

కిందికి దిగితే పాఠం చెప్పిన అమ్మాయి ఉంది. నా కాగితం తీసుకుని చూసి, "ప్రాక్టికల్లో నాలుగిట్లో మూడు తప్పు ఆంటీ. ఒక్కోటి ఐదు మార్కులు. మీకు ఆడ పోవడమేంది?" అంది. నేను గొడవకు దిగాను. మీ కంప్యూటరే తప్పన్నాను. ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయింది, నా కళ్లతో చూశాను అని నలుగురూ వినేట్టు అరిచాను. పాపం ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. "రెండు పక్కలా ఒకే తప్పు పడితే సరిపోతాది గదా ఆంటీ," అని మెల్లగా అంది. ఆ మాట మా క్లాసులో పిల్లలకు నేనే ఎన్నోసార్లు చెప్పాను.

బస్సులో ఒక్కో పద్దూ మనసులో మళ్లీ వేసుకుంటూ వచ్చాను. అంకెలు నాకు ఒకసారి చూస్తే పోవు. శిరివెళ్ల దాటాక ఆ రైతు దగ్గరికి వచ్చాను. నాలుగో గడిలో నేను రాసిన ఒకటి కళ్ల ముందు కనబడింది. ఒక్క రూపాయి, పదిహేను మార్కులు. అది లేకుంటే అరవై తొమ్మిది. మొదట నవ్వొచ్చింది. పక్కన కూర్చున్న ఆమె నా వైపు అదోలా చూసింది. తర్వాత పెద్దాయన మీద కోపం వచ్చింది. పోయిన మనిషిని, నాకు అన్నం పెట్టిన మనిషిని, బస్సులో కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఇంటి వీధి మలుపు వచ్చేసరికి ఆ కోపమూ అయిపోయింది. భయం ఒక్కటే మిగిలింది.

మా ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి, "అన్నం తిను," అన్నాడు అంతే.

మళ్లీ పరీక్ష రాయాలంటే నలభై రోజులు ఆగాలి. సోమవారం ఆ సంగతి పెద్దాయన కొడుకుతో చెప్పాను. అతను ఫోన్ పట్టుకుని అంగడి బయట ఎండలో పది నిమిషాలు అటూ ఇటూ నడుస్తూ నంద్యాలవాళ్లతో మాట్లాడాడు. నేను గాజు తలుపు లోపల నుంచి చూస్తూ ఉన్నాను. మాటలు వినబడలేదు గానీ, చెయ్యి తిప్పి తిప్పి చెప్పడం చూసి, నా కోసం గట్టిగానే అడుగుతున్నాడని తెలిసింది. ఆ చెయ్యి కాసేపటికి కిందికి దిగింది.

"వాళ్లు ఒకాయన్ని ముందే పెట్టేసినారంటక్కా. ఒకటో తేదీ నుంచి వస్తాడు."

అప్పుడు అతనికి రూపాయి సంగతి చెప్పాను. చెప్పకూడదనుకున్నాను, ఆగలేకపోయాను. అతను రేకు డబ్బా వైపు చూశాడు. అది ఇంకా బల్ల మీదే ఉంది, పెద్దాయన పోయాక ఎవరూ తెరవలేదు.

"నాయన పద్ధతి," అన్నాడు. తర్వాత ఇబ్బందిగా, "ఆ రూపాయిలు కూడా తీసెయ్యమన్నారక్కా. కొత్త ఖాతాల్లోకి అవి రాగూడదంట. నువ్వు పోయేలోపల..." అన్నాడు.

అలా నా చివరి వారం పని అదైంది. రూపాయి నిలిచిన ఒక్కో ఖాతానూ తెరిచి, ఆ రూపాయి రానిబాకీ కింద కొట్టేసి సున్నా చేయడం. మూడు రోజులు పట్టింది. అందులో నాకు మొహాలు తెలియని వాళ్లు లేరు. ఎవరి చేలో నీళ్లు నిలుస్తాయో, ఎవరు శనగ మాని మిరప వేశారో అన్నీ తెలుసు. వాళ్లంతా బతికే ఉన్నారు. రుద్రవరం ముసలాయన ఖాతా దగ్గర చెయ్యి ఆగింది. ఈసారి ఆయన కండువా ముడి విప్పేసరికి ఇక్కడ ఎవరో కొత్తవాడు కూర్చుని, మీ బాకీ ఏమీ లేదని చెబుతాడు. అది కూడా కొట్టేశాను.

ఆఖరి రోజు సాయంత్రం పెద్దాయన కొడుకు నా జీతం లెక్క కట్టాడు. రెండు నెలల జీతం ఎక్కువే వేశాడు. అతని మంచితనం నాకు తెలియనిది కాదు. మొత్తం నలభై ఒక్క వేల మూడు వందల అరవై ఒకటి. నోట్లు లెక్కపెట్టి నా ముందు పెట్టాడు. రూపాయి బిళ్ల కోసం సొరుగులో వెతికాడు, లేదు. జేబు తడుముకున్నాడు.

"ఉండనీలే అప్పా. నా రూపాయి ఈడనే ఉండనీ," అన్నాను. ఎంత ఆశతో అన్నానో నా గొంతు నాకే చెప్పింది. సిగ్గనిపించింది.

"వద్దక్కా. నీ రూపాయి మేం పెట్టుకుంటామా?" అని రేకు డబ్బా మూత తీశాడు. అందులోంచి ఒక బిళ్ల తీసి, అచ్చం వాళ్ల నాయన పెట్టినట్టే, నా అరచేతిలో పెట్టాడు. "నీ ఖాతా కూడా నువ్వే రాసెయ్యక్కా. రేపు కొత్తాయనకు తికమక లేకుండా ఉంటాది."

దాని అర్థం తెలిసి అతను అలా చేశాడని నేను ఇప్పటికీ అనుకోను.

కుర్చీలో కూర్చున్నాను. ఎఫ్ ఐదు నొక్కాను. నా పేరు మీది ఖాతా తెరిచాను. నలభై ఒక్క వేల మూడు వందల అరవై దగ్గర వేళ్లు ఆగబోయాయి. ఆపలేదు. చివరి అంకె ఒకటి అని కొట్టి, ఒప్పుకున్నట్టు మీట నొక్కాను. పరీక్షలో తప్పు రాసిన పద్దు ఆ రోజు సరిగ్గా రాశాను. మళ్లీ జాబితా తెరిచి చూస్తే నా పేరు లేదు. ఏమీ నిలవని ఖాతాలను ఆ సాఫ్ట్‌వేర్ జాబితాలో చూపించదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆ రోజు దగ్గు ఎక్కువగా ఉంది. డబ్బు ఆయన పక్కన పెట్టాను. రూపాయి బిళ్ల మాత్రం పిడికిట్లోనే ఉంది. నోట్ల వైపు చూడకుండా నా వైపు చూశాడు.

"రూపాయి నిలిపినాడా?"

"నిలిపినాడు," అన్నాను.

"అయితే మళ్ల పిలుస్తాడులే," అని ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.